తరుగు

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో
పదకొండేళ్లుగా నాది ఒకటే పని:
కుప్ప ముందు కూర్చుని
కాయని అరచేతిలో ఒక్కసారి దొర్లించడం.
ఇది ఢిల్లీకి, ఇది మద్రాసుకి,
ఇది ఊరగాయకి.

పైటాల అన్నాలకి లేచినప్పుడు
గుమస్తా చెంచురామయ్య కొడుకు సెల్లు తెచ్చి చూపించాడు.
"చీటీలు మానెయ్ పిన్నీ, ఫండ్లలో వెయ్యి.
అయిదు చుక్కలున్నదాన్ని చూసి నొక్కడమే."

చూశా.
అన్నీ పచ్చగా ఉండాయి, పొద్దున కోసిన కాయల్లా.
ఏడాదికి ఇంత, మూడేళ్లకి ఇంత అంటా
మీద మీదకొచ్చి నిలబడ్డాయి
కమీషన్ కొట్ల ముందు ఆటోల మాదిరి.

ఈ చుక్కలు పోయినేటివా, వచ్చే ఏటివా?
పోయినేటివే, అన్నాడు.

పోయినేటి ధర సంగతి నాకు తెలుసు నాయనా.
బస్తా ఎనిమిది వేలు పలికిన ఎండాకాలం
మా మరిది మస్తానయ్య సజ్జ చేను ఎత్తేసి
నిమ్మ నాటాడు.
ఊరంతా నాటింది.
నాలుగేళ్లకి కాపొచ్చింది,
అందరికీ ఒకేసారి.
కోత కూలి గిట్టక చెట్ల కిందే కుళ్లిన కాయల వాసన
ఇంకా నా ముక్కులోనే ఉండాది.

ఇంకోటి అడిగా: తరుగెంత?
వాడికి అర్థం కాలా.
బస్తాకి ఇన్ని కాయలని లాగుతామే,
రైతు చూస్తా ఉండగానే,
అది. వీళ్లెంత లాగుతారు?
వేలితో కిందికి, ఇంకా కిందికి జరిపి
చీమతల అక్షరాల్లో యాడనో పట్టుకున్నాడు.
ఒకటే పేరు, రెండు వరసలు.
ఒకదానికి తరుగెక్కువ, ఒకదానికి రొవంతే.
ఆ ఎక్కువ ఎవరికి పోతుంది?
"నడిమి మనిషికి" అన్నాడు, గొంతు తగ్గించి.
నడిమి మనిషి వాడేనేమో. నేనడగలా.

తళతళలాడే కాయకి తోలు మందం.
రసం సంగతి పిండితే గాని తేలదు,
పిండాక తేలి లాభం లేదు.
చేతికి తెలియాల్సింది బరువు.
ఈ అద్దం మీద దేనికీ బరువు లేదు.

అడుగునుంచి మూడోది ఎంచుకున్నా.
చుక్కలు మూడే.
ఒక ఏడు ఎక్కి, ఒక ఏడు దిగి
మా మార్కెట్ మెట్ల మాదిరి అరిగిపోయి ఉండాది.
నెలకి అయిదొందలు.

వేలిముద్ర అడిగింది.
పడలా.
నిమ్మపులుసుకి బొటనవేలి గీతలు ఎప్పుడో పోయాయి.
కొంగుకి తుడిచి, కొబ్బరినూనె రాసి,
నాలుగోసారికి
నేను నేనేనని ఒప్పుకుంది.

అంతా అయ్యాక, ఎవరితో అనబాకండి,
అయిదు చుక్కల దాంట్లో కూడా ఒక వంద వేయించా.
పదకొండేళ్లు కాయలేరిన చెయ్యే.
కుప్ప మీద ఒకటి మెరిస్తే
ఊరికే ఉండదు గదా.