అడ్డం నిలబడ్డది

ఇరవై రెండేండ్లు మెహిదీపట్నం బస్సుల
"జరగండ్రి, ముందుకు జరగండ్రి" అన్న గొంతు నాది.
నేను నిద్రపోయినా
పేగు గోడలల్ల ఒక కండ
ఎవరూ చెప్పకుండనే
అదే మాట అంటుంటదని
ఉస్మానియాల డాక్టరమ్మ చెప్పేదాక తెల్వదు.

ఆ కండలనే ఓ పోగు
తన మీద తానే చుట్టుకున్నదట,
ఉసిరికాయంత.
లోపల్లోపల నెత్తురు సుక్కసుక్క కారి
మాసాబ్‌ట్యాంక్ మలుపుల కండ్లు తిరిగింది అందుకే.

"కదుళ్ళలాంటి కణాలు, నెమ్మదైనవే.
ఎటూ పాకదు. క్యాన్సర్ కాదు అండాళూ."

అంటే
జేబుదొంగ కాదు,
ఫుట్‌బోర్డు మీద అడ్డం నిలబడ్డ మనోడే.

సీసల చూపించిన్రు. తెల్లగ, గుండ్రంగ.
తిట్టబుద్ధి కాలే.
"టికెట్ తీసుకున్నవా?" అన్న.
సిస్టరు నవ్వింది.
నాకు కుట్లు గుంజినయి.