మైనపు ఓడలు

ట్రోండ్‌హైమ్‌లో మా సముద్రం
నూట డెబ్బై అంగలు వేస్తే అయిపోతుంది.
పైన రేకుల కప్పు. ఉప్పు లేదు. చేపలు అసలే లేవు.
హాల్దిస్ ఒక మీట నొక్కితే
జనవరి నెల తుపాను లేస్తుంది,
ఇంకోటి నొక్కితే ఆగస్టు మధ్యాహ్నం.

నా పని మైనం కాచడం.
నిన్నటి ఓడ గంగాళంలో కరుగుతుంది:
ముందు ముక్కు, తర్వాత నడుము,
చిట్టచివరికి నేను గోటితో గీసిన నంబరు.
అదే మైనం పోసి, ఆరబెట్టి, చిత్రిక పట్టి
రేపటి ఓడ చేస్తాం.
నాకంటే ముందు నుంచీ ఉన్న మైనం అది.
చేపల పడవయింది, చమురు ఓడయింది,
ఓసారి ఎవరో కోటీశ్వరుడి విహార నౌకయింది.
ఆయనకు నచ్చలేదట. మళ్లీ గంగాళంలోకి.

ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య
ఇరవై నిమిషాలు ఆగాలి.
నీళ్లు కంటికి నిద్రపోయినట్టే ఉంటాయి గాని
లోపల్లోపల ఇంకా గొణుగుతుంటాయి.
హాల్దిస్ అల్లిక తీస్తుంది.
ఐవిన్ రొట్టె పొట్లం విప్పుతాడు.
పసిపిల్ల పడుకున్న గదిలోలా
ఎవరం గొంతు పెంచం.

నలభై ఒకటో నంబరు, దీవులకు జనాన్ని చేరేసే ఓడ.
నలభైకి ఒకటి లెక్కన
అగ్గిపుల్ల సరిగ్గా మనిషెత్తు.
ఐవిన్ పదిహేడు పుల్లల్ని
రొట్టె మీది వెన్నతో పైఅంతస్తులో నిలబెట్టాడు.
ఒకదాన్ని కాస్త విరిచాడు.
వాళ్లమ్మ పొట్టి. ప్రతి గురువారం దీవికి వెళ్తుంది.

ఆరో అలకి ఓడ ఒరిగింది.
ఏడో అలకి లేవాలి.
లేవలేదు.
ఎర్ర తలలు నీళ్ల మీద చెల్లాచెదురు.

హాల్దిస్ పుస్తకంలో 'పనికిరాదు' అని రాసి, తేదీ వేసి,
టీ వడగట్టే జల్లెడ పట్టుకొచ్చింది.
పదహారు దొరికాయి.
విరిచిన పుల్ల కోసం
దీపాలన్నీ వేసి, గట్టు పొడుగునా మోకాళ్ల మీద పాకాం.
అది దొరికాకే ఇళ్లకు వెళ్లాం.

కంపెనీ వాళ్లు మొహం మాడ్చుకున్నారు.
ఓడ నడుము రెండు మీటర్లు వెడల్పు చేశారు,
వేగం తగ్గింది, ఖర్చు పెరిగింది.
మొన్న నేనూ ఎక్కాను. బయట గాలి ఈల వేస్తోంది.
"బాతులా నడుస్తుందమ్మా ఈ ఓడ," అంది పక్కావిడ,
"ఎవరు చేశారో గాని."
అవునన్నాను.
కప్పులో కాఫీ అంచు దాకా వచ్చి
వెనక్కి వెళ్లింది.