తొడిమలు

ఫిబ్రవరి దాటితే గుంటూరు గాలి ఎర్రబడుతుంది.
ఏటుకూరు రోడ్డు పొడవునా టిక్కీల లారీలు.
మా హోంలో ముందు పుల్లారావు దగ్గుతాడు,
ఆ వెనకే సాంబ్రాజ్యం గొంతు సవరించుకుంటుంది.
ఆ సవరింపు నాకు తెలుసు,
నాలుగేళ్లుగా వింటున్నాను.

"రేపట్నుంచి కోల్డ్ స్టోరేజీకి పోతానండీ.
తొడిమలు తీస్తే రోజుకి ఐదొందలంట."

ఉండమని ఏ మొహంతో అడగను?
మేమిచ్చేది నెలకి ఏడున్నర వేలు,
అదీ గ్రాంటు పడిన నెల.
గ్రాంటు పోయిన దసరాకి రావాలి.
ఇంకా ఏదో బల్ల మీద
ఏదో సంతకం కోసం కూర్చునుంది.

పదకొండు మంది.
ఇద్దరికి స్నానం చేయించాలి, ముగ్గురికి పక్కగుడ్డలు మార్చాలి.
ప్రసూనకి తెల్లారుజామున ఫిట్స్ వస్తే
పక్కకి తిప్పి పడుకోబెట్టి
గడియారం చూస్తూ కూర్చోవాలి.
ఆదిశేషుకి ముద్ద కలిపి పెట్టాలి.
నలభై రెండేళ్ల ఆదిశేషు,
సాంబ్రాజ్యం ఎడంచెయ్యి గడ్డం కింద పెట్టి
"ఊఁ, నా రాజా" అంటే తప్ప
నోరు తెరవడు.

అన్నం మాట దేవుడికెరుక, మస్తాన్ గారు బియ్యం అప్పిస్తారు.
పుట్టినరోజులకి దాతలొస్తారు, కేకు తెస్తారు.
కేకు మీద వాళ్ల పాప పేరు,
చుట్టూ మావాళ్లు, చప్పట్లు, ఫొటో.
మంచాలిచ్చారు, ఫ్యాన్లిచ్చారు,
ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లు రాయించుకున్నారు.
జీతాలకి మాత్రం ఎవరూ ఇవ్వరు.
జీతం ఫొటోలో పడదు.

మార్చిలో తనిఖీకి వస్తున్నామని ఫోను.
కాగితం మీద నలుగురు ఆయాలు,
ఇంట్లో నేనూ, మోకాళ్లు పట్టేసిన కోటిరత్నమ్మా.
టైలరు భార్య మీరాబీని బతిమాలి
నీలం ఏప్రాన్ కట్టి గుమ్మంలో నిలబెట్టాను.
పాపం, భయంతో రెండుసార్లు దణ్ణం పెట్టింది.
ఆయన కళ్లజోడు తుడుచుకుంటుండగా
పుల్లారావు నవ్వుతూ చెప్పేశాడు:
"ఈమె మనామె కాదు సార్,
జాకెట్లు కుట్టే ఆమె.
సాంబ్రాజ్యం మిర్చికి పోయింది."

పుల్లారావుని ఏమీ అనలేదు.
ఆ ఇంట్లో అబద్ధమాడే చదువు
నా ఒక్కదానికే వచ్చు.

ఆయన మంచివాడే. మంచినీళ్లు కూడా తాగలేదు.
"సిబ్బంది కొరత" అని గుండ్రంగా రాసుకుని వెళ్లాడు.
కొరత ఉందని వచ్చే వాయిదా ఆపారు.
వాయిదా ఆగిందని కోటిరత్నమ్మకి కూడా
రెండు నెలలు చేతులు జోడించాను.

ఇదంతా ఆదిశేషుకి తెలియదు.
మూడు రోజుల్లో తిన్నది అరటిపండులో సగం.
నా ముద్ద వాసన చూసి తల తిప్పేస్తాడు.
గడ్డం పట్టుకుని నేనూ అన్నాను "నా రాజా" అని.
జాలిగా చూశాడు, దొంగనోటు పట్టుకున్న కొట్టువాడిలా.

నాలుగో రాత్రి తొమ్మిదింటికి
షేర్ ఆటో దిగింది సాంబ్రాజ్యం.
గేటు దాటి లోపలికి రాలేదు.
చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని,
ఎవరి చేతులో మోస్తున్నట్టు:
"మండిపోతున్నాయండీ.
కొబ్బరినూనె రాశా, మజ్జిగలో ముంచా.
వీటితో మూతి ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తాడు."

అందుకని కిటికీ బయట నిలబడింది.
లోపల నేను పెరుగన్నం కలిపాను.
చువ్వల అవతల నుంచి ఆమె "ఊఁ, నా రాజా" అంది.
ఆదిశేషు నోరు కిటికీ వైపు తెరుచుకుంది.
నా చెయ్యి, ఆమె గొంతు.
ఇద్దరం కలిసి ఆ పూటకి
ఒక ఆయా అయ్యాం.

హాజరు పట్టీలో ఆ గడి
ఎలా నింపాలో ఇప్పటికీ తెలియదు.

వెళ్తూ అడిగింది, "గ్రాంటు పడిందా?"
లేదన్నాను.
ఆఖరి ఆటో పోతుందని
చేతులు గాలిలో ఆడిస్తూ పరుగెత్తింది.

గిన్నె ఖాళీ అయింది.
ఆదిశేషు ఇంకా
చువ్వల వైపే నోరు తెరిచి ఉన్నాడు.