కాయ లేని ఏట ధర

సహకార సంఘం హాల్లో హీటరు సగమే పనిచేస్తోంది.
కోట్లు విప్పకుండానే కూర్చున్నాం.
నలభై కుర్చీలు వేస్తే పదిహేడు నిండాయి.
బొలోన్యా నుంచి వచ్చిన కుర్రాడు
గోడ మీద ఒక గీత వెలిగించాడు:
ఈ సీజన్‌లో బేరిపండు మార్కెట్ తీరు.

గీత పైకి పోతోంది.
"ధర బాగా పలుకుతుంది" అన్నాడు.

వెనక వరసలో డిర్చే ముసలమ్మ
వినికిడి మిషను సర్దుకుని
"ఏం పలుకుతుందట?" అని అడిగింది.
కిలో రెండు యూరోల దాకా, అన్నారెవరో.
"మరి మా ఆయన బతికున్నన్నాళ్ళూ
నోరు మెదపలేదేం?"

నవ్వాం.
తర్వాత ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

ధర ఎందుకు పెరిగిందో కూడా చెప్పాడు,
మాకు చెప్పాలా.
ఏప్రిల్ మంచు ఒక్క రాత్రిలో పూతని మాడ్చేసింది.
మిగిలిన పిందెల్ని కంపు నల్లి పీల్చింది.
నల్లిని దాటిన కాయకి గోధుమ మచ్చ.
మచ్చ కూడా లేని కాయ
సైజు కొలిచే రింగులోంచి జారిపడి
జ్యూసు ఫ్యాక్టరీ లారీ ఎక్కింది.
కాయ ఉన్న ఏడు ధర లేదు,
ధర ఉన్న ఏడు కాయ లేదు.
రెండూ కలిసొచ్చిన ఏడు మా నాన్న ఒక్కటే చూశాడు,
డెబ్బై తొమ్మిదిలో.
అప్పుడు కొన్న ట్రాక్టరు
ఇప్పటికీ, దగ్గుతూ, నడుస్తోంది.

మా నది పేరు పో.
పొమ్మనే నది ఒడ్డునే
నాలుగు తరాలు ఉండిపోయాం.

గ్వాల్తియెరో మొన్న తోట మొత్తం తీయించేశాడు.
యంత్రం ఒక్కో చెట్టునీ పన్ను పీకినట్టు పీకి
వరసగా పడుకోబెట్టింది.
నేను ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్ళాను.
"గిట్టలేదు నీవెస్, గిట్టలేదు" అన్నాడు.
ఆకాశం చూస్తున్న ఆ వేళ్ళని చూస్తే
గిట్టినట్టే ఉంది.
అక్కడ సోలార్ పలకలు వేస్తాడట.
ఎండని ఓడలో దింపి తక్కువకి అమ్మేవాడు
ఇంకా పుట్టలేదు కదా అని
తన జోక్‌కి తనే నవ్వి, కాఫీ ఒలకబోసుకున్నాడు.

హాల్లో రెండో గీత వచ్చింది.
మార్చికల్లా దక్షిణాఫ్రికా సరుకు దిగుతుంది,
ఈలోగా కోల్డ్ స్టోరేజీ ఖాళీ చేసుకోండి అన్నాడు.
ఖాళీ చేయడానికి నాకున్నవి
రెండు వందల నలభై పెట్టెలు.
డీజిల్ రసీదు వెనక లెక్క వేశాను.
తరుగు పోను. కరెంటు పోను.
కోత కూలి పోను. వలల మీద తెచ్చిన అప్పు పోను.
కలం ఆగింది.
కిందికి చదువుకుంటూ వస్తే
అంకెలన్నీ కొట్టుకుపోయి
వరసగా ఆ ఒక్క మాటే కనిపించింది:
పోను, పోను, పోను.

ప్రశ్నలున్నాయా అన్నాడు.
మార్కెసీనీ వాళ్ళ చిన్నోడు చెయ్యెత్తాడు,
మీసం సరిగా రాలేదింకా.
"ఇప్పుడు నాటితే ఎప్పటికి కాపు?"
నాలుగో ఏట మొదలై, ఆరో ఏటికి గట్టిగా.
"అప్పుడు ధరెంత?"
కుర్రాడు రిమోట్ నొక్కాడు.
గీత తెర అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది.
దాని అవతల పెచ్చులూడిన సున్నం.
"నాకు తెలీదండీ" అన్నాడు. మంచి కుర్రాడే.
ఆ సాయంత్రం మొత్తంలో
మేం కాగితం మీద ఎక్కించుకోని మాట అదొక్కటే.

ఇంటికొచ్చి టార్చి వేసుకుని తోటలోకి నడిచాను.
పొగమంచులో మూడో చెట్టు దాటి ఏదీ కనిపించదు.
చేతికందిన చోట పది మొగ్గలు తెంపి
వంటింటి బల్ల మీద బ్లేడుతో నిలువునా కోశాను.
నడుమ పచ్చగా ఉంటే పూత ఉన్నట్టు,
నలుపు తిరిగితే లేనట్టు.
ఆరు పచ్చ.
మూడు నలుపు.
ఒకటి మాత్రం లైటు కింద ఎటు తిప్పినా తేలలేదు.

సాసర్‌లో పెట్టి గిన్నె బోర్లించాను.
పొద్దున్నే డిర్చేకి చూపించాలి,
ఆమెకి చెవులే పోయాయి.