మూడు బోల్టులు

పలమనేరులో, దస్తగిరి బేకరీ పొయ్యి తలుపు
నాలుగు బోల్టుల మీద ఒక పక్కకి వాలిపోయి ఉంది.
పదకొండేండ్ల కిందట బిగించింది నేనే.
కూలి దగ్గర మాటామాటా పెరిగిన పొద్దు
పానాకి పైపు తొడిగి
ఒక్కో బోల్టునీ వాడి మెడ అనుకోని తిప్పినాను.

ఇప్పుడవి
బూడిద తిని, మంట తాగి,
ఇనుమేదో తుప్పేదో తెలియకుండా అయినాయి.

రాత్రంతా కిరసనాయిలు తాపినాను.
తెల్లారి టార్చితో కాల్చి
ఎరుపు తగ్గినాక కొవ్వొత్తి తాకిస్తే
మైనం మరల సందుల్లోకి దూరింది.
సుత్తితో తట్టినాను. కొట్టలేదు,
అప్పుకి పోయినోడు తలుపు తట్టినట్ల
తట్టినాను.

విప్పాలంటే ముందు రవ్వంత బిగించాల.
మా మేస్త్రి చెంగల్రాయులు చెప్పిన ఈ మాట
పదేండ్లు నాకు అర్థం కాలా.
అటు కాస్త, ఇటు కాస్త,
మళ్ళీ అటు.
కిర్రు.
ఒకటి కదిలింది. మధ్యాన్నానికి రెండోది.
టీ తాగినాక మూడు.

నాలుగోది తల తెగి చేతిలోకొచ్చింది.
మొండెం లోపలే.

ఎంతసేపటినించో
వెనకాల నిలబడి ఉండాడు దస్తగిరి.
"డ్రిల్లు పెడితే వస్తాదా?"
"వస్తాది. పోత ఇనుము, పగిలినా పగులుతాది."
"వద్దులే. మూటి మీద నిలబడదా?"

కొత్త బోల్టులకి గ్రాఫైట్ పూసి
చేత్తో తిరిగినంత వరకే తిప్పి
పానాతో ఒక్క పావు చుట్టు.
పైపు సంచిలోనించి తీయనే లేదు.

చేతులు కడుక్కుంటా ఉంటే
"కూలెంత?" అన్నాడు.

"పాతదా, కొత్తదా?" అన్నాను.