ఇసుక వేస్తే రాలనంత

ఆస్పత్రి మూడో అంతస్తు కిటికీకి ఎదురుగా
ఆరంతస్తుల ఎత్తున ఓర్హున్ సెవిందిక్.
ఒంటి మీద చొక్కా లేదు, కాళ్ళకు మాత్రం
పాతబడినట్టు కనిపించే కొత్త జీన్స్.
ఇస్తాంబుల్‌కి అది చలికాలం.
"వీడికి చలెయ్యదా?" అన్నాడు షెహ్ముస్.
రెండు ముక్కలు మాట్లాడి నాలుగుసార్లు దగ్గాడు.
తర్వాత చాలాసేపు చూసి,
"ఆ ఎడమ తొడ మీద తెలుపు చూడు జెయ్‌నో,
కింద కొంచెం వాలింది కదా,
అది నా చెయ్యే" అన్నాడు,
పుస్తకంలో తన పేరు అచ్చయినవాడిలా.

బాజిలార్‌లో కిటికీల్లేని నేలమాళిగ.
గొట్టంలోంచి ఇసుక ఎగజిమ్మి
నీలాన్ని కొరుక్కు తినేది.
రోజుకు మూడువందల ప్యాంట్లు ముసలివయ్యేవి,
మూతికి గుడ్డ కట్టుకున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు
వాటితోపాటే.
పై అంతస్తులో నేను గుండీలు బిగించేదాన్ని.
నా టీ గ్లాసు అడుగున కూడా కరకరలాడేది.

అతని సినిమా విడుదలైన రోజు
థియేటర్ ముందు
ఇసుక వేస్తే రాలనంత జనం.
ఇక్కడ వార్డులో పదకొండుమంది,
వేసిన ఇసుక రాలక.

ఒక మంగళవారం అతనే వచ్చాడు,
టోపీ కళ్ళదాకా లాక్కుని.
మా కోసం కాదు.
తర్వాతి సినిమాలో గని కార్మికుడి వేషమట,
దగ్గు నేర్చుకోవాలట.
నర్సులు జుట్టు సర్దుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.
షెహ్ముస్ మాత్రం సంబరంగా లేచి కూర్చున్నాడు,
ఎవరికైనా నేర్పడానికి తన దగ్గర ఒకటి మిగిలిందని.
"గొంతుతో కాదన్నా, పక్కటెముకల్లోంచి.
ముందు ఆపడానికి చూడు.
ఆపలేకపోవడమే దగ్గు."
మూడు రోజులు నేర్పాడు.
నాలుగో రోజు కిటికీ వైపు వేలు చూపించాడు:
"ఆ ప్యాంటు ఇంకా ఉందా నీ దగ్గర?"

తర్వాత జరిగింది
పేపర్లో చదివినవాళ్ళు నాకంటే బాగా చెబుతారు.
కార్మిక శాఖ గేటు ముందు
అదే ప్యాంటు వేసుకుని కూర్చున్నాడని,
గని సినిమా చేజారిందని,
ఇదంతా ప్రచారానికేనని, వెనకనుంచి ఎవరో ఆడిస్తున్నారని.
నేనూ అన్నాను. అబద్ధమెందుకు?
మా శవాల మీద నీకు చప్పట్లా అని
మొహం మీదే అడిగాను.
నేల చూశాడు.
సీరియల్లో అయితే ఆ చోట ఏదో డైలాగు ఉండేది.

ఎదురుగోడ మీద అతని బొమ్మ చింపి
ఇంకొకణ్ణి అంటించారు.
కొత్తవాడి మోకాలు చూసి షెహ్ముస్,
"ఇది ఐదో మంచం ఫెయ్యాజ్ పనితనం" అన్నాడు.
ఐదో మంచం అప్పటికే ఖాళీ.

మార్చిలో షెహ్ముస్‌ని
కార్లొవా కొండల్లో పడుకోబెట్టాం.
మంచు తవ్వితే కింద నల్లమట్టి తగిలింది,
ఇసుక కాదు.
ఆ మాత్రం ఊరట.

కోర్టు వాయిదా రోజు
మళ్ళీ ఇసుక వేస్తే రాలనంత జనం.
సగంమంది అతనితో ఫొటో కోసం.
పోనీ, ఆ సంగతి పోలీసులకు తెలియదు కదా.
నా ముందు నిలబడ్డ పిల్ల జీన్స్ మీద తెలుపు.
ఎవరి చెయ్యో అని వెతకబోయి
చూపు తిప్పుకున్నాను.

అతను మైకు అందుకున్నాడు.
ఉపన్యాసం ఇవ్వలేదు, పేర్లు చదివాడు,
కాగితం చూసి, మా యాస రాక
రెండు మూడు తప్పు పలుకుతూ.
ఏడో పేరు దగ్గర ఆగాడు.
ఆపడానికి చూశాడు.
ఆపలేకపోయాడు.

నటుడు కదా అని ఎవరో నవ్వారు.
నీళ్ళు, నీళ్ళు అని ఇంకెవరో అరిచారు.
పక్కటెముకల్లోంచి వస్తోంది,
మొదట రెండు చిన్నవి, ఒక ఈల,
తర్వాత పెద్దది.
అంత జనంలో నాకొక్కదానికే తెలుసు
అది ఎవరి దగ్గో.

వద్దు,
నీళ్ళివ్వకండి.
ఇంకాసేపు.