ఆకలేస్తేనే ఉచ్చు

వఫ్రాలో పదకొండో నంబరు గ్రీన్‌హౌస్.
బయట నలభై ఏడు డిగ్రీలు,
లోపల తడి ప్యాడ్ల గాలి, దోసతీగల పచ్చివాసన.
మధ్యాహ్నమైతే చాలు
తీగలు తలలు వాల్చేస్తాయి.
నీళ్లలో నిలబడి దప్పికతో చస్తాయి.

ఒకదాన్ని పీకి చూశాను.
వేరు నిండా ముడులు,
అల్లం కొమ్ముల్లా, వాతం పట్టిన కీళ్లలా.
"పురుగు," అన్నాడు ముతసిమ్, సూడాన్ ఇంజనీరు.
"కంటికి ఆనదు. వేరులో కాపురం పెట్టి
అక్కడే బలుస్తుంది, అక్కడే గుడ్లు పెడుతుంది."
నిరుడు మందు వేశాం.
నా చేతుల తోలు పొరలు పొరలుగా లేచింది,
పురుగు మాత్రం తిరిగొచ్చింది.

ఈసారి ఒక సంచి తెచ్చాడు.
ఖర్జూరపు మట్టల పొడి, దాన్నల్లుకుని తెల్లటి బూజు.
బూజంటే నాకు తెలిసింది
ఊరగాయ జాడీ మూత తీసి
"తడిచెయ్యి పెట్టిందెవరు?" అని మా అమ్మ అరిచేదే.
"ఇది వేటాడుతుంది," అన్నాడు.
నవ్వొచ్చింది. కాళ్లు లేవు, కళ్లు లేవు, పళ్లు లేవు,
వేటేంది సామీ?

ఆఫీసు గదిలో, ఏసీ కింద,
మైక్రోస్కోపు మీదికి వంగమన్నాడు.

సాలెపోగు కంటే సన్నటి దారం.
దారం పక్కన పొట్టి కాడ.
కాడ చివర ఉంగరం,
మూడంటే మూడు కణాలు వంచి కలిపినట్టు.
ఏమీ చెయ్యదు. ఊరికే తెరుచుకుని ఉంది.
పురుగొకటి మెలికలు తిరుగుతూ వచ్చింది,
దారి అనుకుందేమో, తల దూర్చింది.

రెప్ప వేశాను.
రెప్ప తీసేసరికి అయిపోయింది.

మూడు కణాలూ లోపలికి ఉబ్బి
నడుముకి ఉరి.
తోక కొట్టుకుంది, కొట్టుకుంది.
మర్నాడు చూస్తే
పురుగు తోలులో పురుగు లేదు,
దారాలే ఉన్నాయి.

సులేమానీ చాయ్ పోస్తూ రెండు సంగతులు చెప్పాడు,
అరబీలో హిందీ కలిపి, నాకు అందినంత.
తిండి దండిగా ఉంటే ఇది ఉచ్చు వెయ్యదట.
చచ్చిన ఆకులు తింటూ సాధువులా పడుంటుందట.
"నువ్వు గుప్పిళ్లతో యూరియా చల్లుతావు చూడు,
అప్పుడు దీనికి వేట గుర్తురాదు."
ఇంకోటి: పురుగులు తమలో తాము
వాసనలతో మాట్లాడుకుంటాయి.
ఇక్కడున్నా, నువ్వెక్కడ, రా, రావద్దు.
ఆ మాటలు చాటునుంచి వింటుంది బూజు.
విన్నాకే ఉంగరం అల్లుతుంది.

ఆ రాత్రి క్యాబిన్‌లో
పన్నెండు మంచాల మీద పన్నెండు ఫోన్లు.
ఓబులేసు వాళ్ల బోరు ఎండిన సంగతి,
గంగిరెడ్డి పాప జ్వరం సంగతి,
నేను మా చెల్లెలితో చీటీపాట లెక్కలు.
గొంతు తగ్గించాను.
ఎందుకో నాకే తెలీదు.

కథంతా విని ఓబులేసు అన్నాడు:
"మన ఏజెంటూ అంతేగదన్నా,
వాసన పట్టి ఉంగరం పెట్టినాడు."
కాదురా.
బూజుకి ఆకలేస్తేనే ఉచ్చు.
వాడికి అప్పటికే రాజంపేటలో రెండు మేడలు.

యూరియా సగానికి తగ్గించాను.
మట్టలపొడి కలిపి, తడి ఆరకుండా గోనె పరిచాను.
నలభై రోజులకి ఇంకో తీగ పీకి
మెట్టు మీద కూర్చుని ముడులు లెక్కపెట్టాను.
నూటపది ఉన్నచోట నలభై ఆరు.
"ఇంతేనా?"
"అది నీ కూలీ కాదు," అన్నాడు ముతసిమ్.
"అన్నీ తినేస్తే రేపు దేన్ని తింటుంది?"

కాయలు డబ్బాలకెత్తి మార్కెట్టుకి పంపాం.
పదకొండో నంబరులో తీగలు
మధ్యాహ్నం వాడటం లేదు.
సగం వాడటం లేదు, అబద్ధమెందుకు.

పని అయ్యాక
చెయ్యి మట్టిలో పెట్టి కాసేపు ఉంచుతాను.
చల్లగా ఉంటుంది. ఏమీ వినపడదు.
ఆ చీకట్లో ఎన్ని వేల ఉంగరాలో
తెరుచుకుని కాచుకుని ఉంటాయి.
ఒక్కటీ నా వేలికి పట్టదని తెలుసు.
అయినా చెయ్యి
మెల్లగా తీస్తాను.